ఎక్కడికని అడిగే కుళ్ళాయప్ప

బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదని మన పెద్దలు చెప్పారు. బత్తలపల్లె టైర్ల కొట్టు కుళ్ళాయప్పకు కూడా ఆయన పెద్దలు చెప్పే ఉంటారు. అయినా ముప్పై ఏళ్ళ పాటు, రోడ్డు మీద పోయే ప్రతి ప్రాణినీ ఆయన అడిగింది ఆ ఒక్క మాటే.

"యాడికప్పా?"

మర్యాద తెలిసినవాళ్ళు తప్పనిసరై అడగాల్సి వస్తే "దూరమేనా?" అని నసుగుతారు. కుళ్ళాయప్పకు నసగడం చేతకాదు. ధర్మవరం నుంచి వచ్చే రోడ్డు మీద, కూడలికి కొంచెం ఇవతల, రేకుల పంచ కింద ఆయన కొట్టు. లారీకి టైరు కావాలన్నా యాడికి, సైకిలుకు గాలి కావాలన్నా యాడికి. రోజూ అదే వేళకు అవే ఊళ్ళకు పోయే పోస్టుమన్నును కూడా రోజూ అడిగేవాడు. ఆ పెద్దమనిషి పదమూడేళ్ళు ఓపిగ్గా జవాబు చెప్పి, రిటైరైన మరునాడు గాలి కొట్టించుకుందామని వస్తే మళ్ళీ అదే ప్రశ్న.

"ఇంగ యాడికీ లేదులే అన్నా."

"మరి గాలేంటికి?" అని కుళ్ళాయప్ప పంపు లోపల పెట్టేశాడు.

ఒకసారి బెళుగుప్ప దిక్కుకు శవాన్ని తీసుకుపోతున్న వ్యానును కూడా ఆపి అడిగాడంటారు. వాళ్ళు మాత్రం నొచ్చుకోలేదు. శకునం వల్ల జరగాల్సిన కీడు అప్పటికే జరిగిపోయింది.

పెళ్ళిచూపులకు పోయే జీపు సంగతి అలా కాదు. ఆయన "యాడికి" అనగానే జీపులోని పెద్దలు గుండె పట్టుకుని దిగారు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, పది నిమిషాలు కూర్చుని మళ్ళీ ఎక్కారు. ఎక్కుతున్నవాళ్ళను చూసి కుళ్ళాయప్ప, మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు కదా, మళ్ళీ అడిగాడు. మళ్ళీ దిగారు. మూడోసారికి రాహుకాలం వచ్చేసింది. అందులో ముసలాయన చెయ్యెత్తి, "నీ నోట్లో మన్ను పడ!" అని శపించాడు.

"మన్నుకేం కొదవప్పా, రోజూ పడతానే ఉండాది. వాన పడాలని శపించు, మేలు" అన్నాడు కుళ్ళాయప్ప.

జవాబు చెప్పినంత మాత్రాన టైరు దొరుకుతుందనీ లేదు. ఎంత దూరం, ఎంత బరువు, ఎప్పుడు తిరుగు ప్రయాణం, అన్నీ విని, కాసేపు ఆలోచించి, "నువ్వు తిరిగేది ఊర్లోనే గదా, కొత్తదేంటికి? పాతదానికే ముక్క ఏపిచ్చుకో పో" అనేవాడు. కొట్టు నిలబడిందంటే ఆయన భార్య సుంకమ్మ పుణ్యమే. "ఆయప్ప పొమ్మని పంపిస్తాడు, నేను రమ్మని పిల్చుకొస్తా" అనేది ఆమె. అది వాళ్ళ వ్యాపార పద్ధతి.

ఈ కుళ్ళాయప్ప దగ్గరికి, డెబ్బై తొమ్మిదో సంవత్సరం శివరాత్రి ముందర, ధర్మవరం నుంచి గంగాధరప్ప ఒక చక్రం తీసుకుని వచ్చాడు.

గంగాధరప్పది పట్టుచీరల వ్యాపారం చేసే ఇల్లు. వాళ్ళ చిన్నాయన ఒకప్పుడు, దేశం విడిచిపోతున్న ఒక రైల్వే దొర దగ్గర, ఉన్న దుడ్లన్నీ పోసి ఎర్రటి రెండు సీట్ల కారు కొన్నాడు. ఇంగ్లండులో తయారైన స్పోర్ట్సు కారు. ముక్కు పొడుగు, టాపు లేదు, చక్రాలకు సైకిలులాగా స్పోకులు. చిన్నాయన పోయాక పద్దెనిమిదేళ్ళు అది నూలు కొట్టంలో పడుంది. గంగాధరప్ప రెండేళ్ళు కష్టపడి ఇంజను బాగుచేయించాడు. చక్రాలు బెంగుళూరుకు పంపి, తుప్పు గీకించి, ఒక్కో చక్రానికి నలభై ఎనిమిది కొత్త స్పోకులు వేయించి, వెండిరంగు పూయించి తెచ్చాడు. అవి చూసుకుని మురిసిపోతున్నప్పుడు వాళ్ళ నాయన జయరాముడు ఒక షరతు పెట్టాడు.

"ఉగాదికి తనకల్లు నుంచి మా అక్కను ఈ బండిలో పిల్చుకొని రా. వచ్చిందా, బండి నీది, కొట్టం నీది. రాలేదా, పాత ఇనుమోళ్ళకు ఏసి ఆ జాగాలో మగ్గం పెడతా."

జయరాముడి అక్క భద్రమ్మ పలచటి మనిషి కాదు. ఆమె మెట్టెక్కితే మెట్టే ముందు మూలుగుతుందని ఇంట్లో పిల్లల మాట. జయరాముడు షరతును చాలా ఆలోచించే పెట్టాడు.

కుళ్ళాయప్ప ఆ చక్రాన్ని ఇరుసుకు తగిలించి తిప్పాడు. అంచు పక్కన సుద్దముక్క పట్టుకుని ఎక్కడైనా గీత పడుతుందేమో చూశాడు. లోపలికి వేలు పోనిచ్చి స్పోకుల మొనలు తడిమాడు.

"బాగ చేసినారప్పా. వంకర ల్యా. యాడికి?"

గంగాధరప్ప ఉలిక్కిపడ్డాడు. గడప దాటేటప్పుడు పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి కూర్చునే ఇంట్లో పెరిగినవాడు. ఇంత కాలానికి ఇంత ముఖ్యమైన ప్రయాణం, మొదట్లోనే ఇదేం మాట?

"దూరమే లే అన్నా. ఈ చక్రానికి సరిపోయే టైరు ఇయ్యి, చాలు."

"చక్రానికి సరిపోతే చాలదప్పా, దావకు సరిపోవల్ల. ఎక్కేదెవరు?"

"నేనూ, ఇంగొకరు."

"ఇంగొకరు ఎంతుంటారు?"

ఆడవాళ్ళ బరువు వీధిలో చెప్పుకునే ఇల్లు కాదు గంగాధరప్పది. మూతి ముడుచుకున్నాడు. కుళ్ళాయప్ప కూడా ఆ పూటకు వదిలేసి, టైర్ల మీద ఉండే అంకెల సంగతి చెప్పాడు. ఈ చక్రానికి కావాల్సింది నాలుగున్నర, పందొమ్మిది. నాలుగున్నర అంగుళాలు టైరు లావు, పందొమ్మిది అంగుళాలు చక్రం అడ్డకొలత. ఇప్పటి కార్లకు ఇంత పెద్ద, ఇంత సన్నటి చక్రాలు లేవు కాబట్టి ఆ టైరు ఈ చుట్టుపక్కల దొరకదు. మద్రాసుకు రాయాలి. రాశాడు.

పదిహేను రోజులకు లారీ పార్సెలులో నాలుగు టైర్లు వచ్చాయి. గంగాధరప్ప పరుగెత్తుకొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి, అంకెలు అవే. కుళ్ళాయప్ప ఒకదాన్ని మోకాలికి ఆనించి రెండు చేతులా వంచాడు. పక్కగోడ మీద సన్నటి బీటలు తేలాయి, ఎండిన రేగడిచేను మాదిరిగా.

"ఎనక్కి పంపల్ల."

"ఒక్కసారీ వాడింది కాదు గదన్నా!"

"వాడకపోయినా ముసలిదవుతాదప్పా రబ్బరు. పెండ్లి గాలేదని మనిషికి తల నెరవకుండా పోతాదా?"

మళ్ళీ మద్రాసుకు ఉత్తరం. మళ్ళీ ఎదురుచూపు. కొట్టుకు వచ్చిన ప్రతిసారీ "యాడికో చెప్పకపోతివే" అని కుళ్ళాయప్ప, చెప్పకుండా గంగాధరప్ప. ఉగాది వారంలోకి వచ్చేసింది. ఇంట్లో జయరాముడు కొట్టంలో మగ్గం గుంట ఎక్కడ తవ్వాలో ముగ్గుపిండితో గీత గీయించాడు.

ఆ గీత చూసిన రోజే గంగాధరప్పకు ధర్మవరంలో ఇంకో కొట్లో ఎద్దుల బండి టైర్లు కనిపించాయి. మన దిక్కు కొయ్య చక్రాలు పోయి టైరుబండ్లు వచ్చి చాలా కాలమైంది కదా, వాటి టైర్లు. దుమ్ము తుడిచి అంకె చూశాడు: ఆరు, పందొమ్మిది! చక్రం కొలత అచ్చంగా అదే. మొదటి అంకె ఆరైతే ఏం, నాలుగున్నర కంటే ఆరు ఎక్కువే కదా, అత్తకు ఇంకా మంచిదే అనుకున్నాడు. ఈ తర్కంలో తప్పు పట్టుకోవడం కష్టం. మన దేశంలో చాలా పెద్ద పనులే ఇంతకంటే బలహీనమైన తర్కం మీద నడిచాయి.

టైర్లు ఎక్కాయి, అమరలేదు. బక్కమనిషి తలకు పెండ్లి పాగా చుట్టినట్టు, సన్నటి చక్రం మీద లావుగా ఉబ్బి కూర్చున్నాయి. మడ్‌గార్డుకు రాసుకుంటుంటే సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి పైకి లేపాడు. ఎర్రటి కారు ఎద్దులకు ఎదురు చూస్తున్నట్టు కనిపించింది. జయరాముడు అరుగు మీద నుంచి చూసి, "కాడి యాడ పెట్టినావు?" అని మాత్రం అన్నాడు.

ఉగాదికి మూడు రోజులుందనగా, పొద్దున తొమ్మిది గంటలకు, మంచి శకునం చూసుకుని గంగాధరప్ప బయల్దేరాడు. బత్తలపల్లె దగ్గరకొస్తూనే ఆ మాట చెవిన పడకూడదని దేవుడికి మొక్కుకున్నాడు. అనుకున్నంతా అయింది. నడిరోడ్డు మీద కుళ్ళాయప్ప, రెండు చేతులూ పైకెత్తి.

"గంగాధరా! నిలుపు! యాడికి?"

గంగాధరప్ప చెవులు మూసుకుందామనుకున్నాడు గానీ చేతులు ఖాళీ లేవు. హారను కొట్టి, బండిని పక్కకు కోసి, దుమ్ము లేపుకుంటూ పోయాడు. వెనక నుంచి కేక వినిపించింది: "ఎద్దుల టైరుకు ఎద్దుల నడకేప్పా! బిరీన పోతే కాలతాది!" గాలి సగం మాటలను ఎత్తుకుపోయింది.

కదిరి రోడ్డు మీద బండి వేగం అందుకుంది. ముఖానికి గాలి, రెండు పక్కలా వేరుశనగ పీకిన ఎర్రటి బీళ్ళు, ఎదురుగా ఒక్క మనిషి లేడు. చిన్నాయన ఈ గాలి కోసమే దుడ్లన్నీ పోగొట్టుకున్నాడని గంగాధరప్పకు మొదటిసారి అర్థమైంది. ముదిగుబ్బ దాటేవరకు ఆయనంత సుఖి అనంతపురం జిల్లాలో లేడు.

దాటాక కమురు వాసన వచ్చింది. ఆ టైరు గంటకు మూడు మైళ్ళు నడిచే ఎద్దుల కోసం పుట్టింది, నలభై మైళ్ళ వేగం దానికి తెలియదు. మందపాటి రబ్బరు లోపల కాగి, ఉబ్బి, మడ్‌గార్డు అంచుకు కోసుకుని, వెనక కుడి చక్రం తుపాకీలాగా పేలింది. బండి గుడ్డిగా పక్కకు తిరిగి రోడ్డు దిగువన ఆగింది. ఎడమ టైరు మీద చెయ్యి పెడితే కాలింది. అది కూడా ఒక పక్క చీలింది.

చుట్టూ చూశాడు. ఊరు లేదు, బావి లేదు, నీడ అంటే కారు నీడే. తెచ్చుకున్న నీళ్ళు రేడియేటరు ముందే తాగేసింది. ఒక బస్సు వచ్చింది గానీ పైనా కిందా జనంతో నిండి, ఆగకుండానే పోయింది. పదకొండయింది, పన్నెండయింది. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. కారు పోతుందన్న బెంగ కాస్తా తనకేమవుతుందో అన్న బెంగగా మారింది. ఎక్కడికి పోతున్నాడో ఇంట్లో వాళ్ళకు తెలుసు, కానీ ఎల్లుండి దాకా వాళ్ళకు అనుమానం రాదు. ఇక్కడ ఉన్నాడని తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఎవరూ లేరు. ఎక్కడికని అడగకుండా పంపడం మంచి మర్యాదే. కాకపోతే అడగనివాడికి వెతికే బాధ్యత కూడా ఉండదు, అది ఆ మర్యాదలో ఉన్న సుఖం. ఎండలో కూర్చుంటే ఇటువంటి ఆలోచనలు వస్తాయి.

రెండున్నరకు దూరంగా ఏదో కనిపించింది. మోటారు సైకిలు శబ్దమే గానీ మోటారు సైకిలులా లేదు. టైర్లు వాటంతట అవే బండి తోలుకొస్తున్నట్టుంది. దగ్గరికొచ్చాక టైర్ల మధ్య ఒక తల కనిపించింది. రెండు టైర్లు చెరో భుజం మీదుగా జందెంలా వేసుకుని, రెండు వెనక కట్టుకుని, కనుబొమ్మల దాకా ఎర్రదుమ్ముతో కుళ్ళాయప్ప దిగాడు. ముందు నీళ్ళ క్యాను అందించాడు.

"సుంకమ్మ ఇచ్చింది. మెల్లగ తాగు."

గంగాధరప్ప తాగి, ఊపిరి పీల్చుకుని, "నేనీడుండానని ఎట్ల తెలుసన్నా?" అన్నాడు.

"యాడ తెలుసు? చెప్తే గదా తెలిసేది!" కుళ్ళాయప్పకు అప్పటి దాకా ఆపుకున్న కోపమంతా వచ్చింది. "నిన్న సాయంత్రం మద్రాసు నుంచి మంచి టైర్లు దిగినాయి. పొద్దున్నే నీకు పంపిద్దామని ధర్మవరం బండి కోసం రోడ్డు మీద నిలబడితి. గాలి మాదిరి పోతివి. కూడల్లో అడిగితే ముగ్గురు మూడు దావలు చూపిచ్చిరి. ఎర్ర కారును చూసినోళ్ళంతా కారునే చూసినారప్పా, దావను ఎవురూ చూడల్యా. ఆ ఎద్దుల టైరు ఇరవై మైళ్ళు దాటదని నాకు తెలుసు. అనంతపురం దావ ఇరవై మైళ్ళు పోతి, ల్యా. తాడిమర్రి దావ పోతి, ల్యా. ఇది మూడోది. ఒక్క మాట చెప్పింటే ఒక్క దావనే వచ్చేవాణ్ణి గదా!"

గంగాధరప్ప క్యాను కింద పెట్టాడు.

"అంటే... నువ్వు అందరినీ అడిగేది ఇందుకా?"

"మరి ఇంగెందుకు? పొద్దున పోయినోళ్ళు సాయంత్రం నా కొట్టు ముందరే తిరిగొస్తారు. రానోళ్ళ ఎంబడి పోతా. నెలకు ఇద్దరో ముగ్గురో, శానామంది ఉండరు."

ఏ అన్నో తమ్ముడో ఇలాంటి రోడ్డు మీద దాహంతో పోయిన కథ ఇప్పుడు వస్తుందని గంగాధరప్ప ఎదురుచూశాడు. మంచితనం వెనక ఒక చావు ఉండాలని మనకు నమ్మకం. కుళ్ళాయప్ప దగ్గర అటువంటి కథేమీ లేదు.

"ఈ దావల్లో నీళ్ళు ల్యావు గదప్పా" అన్నాడు, అంతే. జాకీ తీశాడు.

నాలుగు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి విప్పాడు. స్పోకుల మొనలు ట్యూబును పొడవకుండా పాత ట్యూబును పట్టీగా కోసి లోపల చుట్టాడు. కొత్త టైరును మోకాలికి ఆనించి వంచి చూపించాడు, ఒక్క బీట లేదు. అది చక్రంలోకి దిగుతుంటే గంగాధరప్పకు తేడా తెలిసింది. ఉబ్బు లేదు, రాపిడి లేదు. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మూడు వేళ్ళ జాగా. ఈ కొలతలన్నీ ఎవరో ఎప్పుడో ఆలోచించి పెట్టారు. ఆలోచించినవాణ్ణి నమ్మకుండా తను రెండో అంకెను మాత్రం నమ్మాడు.

వెనక చక్రాలకు గాలి కొడుతూ కుళ్ళాయప్ప పంపు ఆపాడు.

"ఇప్పుడన్నా చెప్తావా? ఎక్కేదెవురు?"

"మా అత్త, భద్రమ్మ. తనకల్లు నుంచి. ఎల్లుండి ఉదయం బయల్దేరి పది గంటలకు నీ కొట్టు దగ్గర ఉంటాం."

"ఎంతుంటాది?"

గంగాధరప్ప అటూ ఇటూ చూశాడు. మైళ్ళ కొద్దీ ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి, "రెండు మూటల శెనక్కాయలు. పైన ఒక గంప" అన్నాడు.

కుళ్ళాయప్ప ఇంకో పదిహేను సార్లు పంపు కొట్టాడు.

ఎల్లుండి పది గంటలకు ఎర్ర కారు బత్తలపల్లెకు వచ్చింది. డ్రైవరు సీటులో గంగాధరప్ప ఒక ఓరకు ఒత్తుకుపోయి కూర్చున్నాడు. మిగతా కారంతా భద్రమ్మ. కొట్టు ముందు బండి ఆగగానే కుళ్ళాయప్ప మనుషుల వైపు చూడనైనా చూడకుండా వెనక టైరు మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. ఆయన ముఖం కూడా చల్లబడింది. ఇక పలకరించకపోతే బాగుండదని తలెత్తి, అలవాటు కొద్దీ అడిగాడు.

"యాడికమ్మా?"

ఇంకేముంది, అనుకున్నాడు గంగాధరప్ప. అత్త ఇప్పుడు దిగుతుంది, కాళ్ళు కడుక్కుంటుంది, రాహుకాలం వస్తుంది, అమావాస్య కూడా వచ్చేస్తుంది. కానీ భద్రమ్మ దిగలేదు. దారంతా మేనల్లుడు ఈయన సంగతి చెప్పుకుంటూ వచ్చాడు. పైగా ఆమె ఎనిమిదేళ్ళుగా ఒక్కతే ఉంటోంది. ఎక్కడికని అడిగేవాళ్ళు లేక, ఎక్కడికీ పోక. ఆమె పైట సర్దుకుని, సీట్లో సుఖంగా కుదురుకుంది.

"చెప్తా ఉండు నాయనా. మొదుట్నుంచి చెప్పల్ల. మా తమ్ముడు జయరాముడుండాడే, వానికీ నాకూ మాటల్లేక ఎనిమిదేండ్లు. ఎందుకంటావా, మా నాయన పోయినప్పుడు..."

సుంకమ్మ పీట వేసుకుని కూర్చుంది. పది గంటలు పదిన్నరయింది. గాలికి వచ్చిన ఇద్దరు సైకిళ్ళు పక్కన పెట్టి తామూ వింటున్నారు. పదకొండయింది. జిల్లాలో అందరినీ ఎక్కడికని అడిగిన మనిషి, చేతిలో టైరు విప్పే లివరు పట్టుకుని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. చివరికి మెల్లగా డ్రైవరు పక్కకు జరిగి, గంగాధరప్ప చెవిలో అన్నాడు.

"తోలప్పా నాయనా, పుణ్యముంటాది. బండి బత్తలపల్లెకొచ్చింది గానీ, ఈయమ్మ ఇంగా తనకల్లు దాటల్యా."